దొంగ ప్రింటుకు దారి ఎవరు ఇస్తున్నారు?

ఒకే రాత్రి, ఒకే అపార్టుమెంటులో, పక్కపక్క ఫ్లాట్లలో ఇద్దరు ఒకే ఓటీటీలో ఒకే సినిమా చూస్తున్నారనుకుందాం. ఇద్దరి తెరల మీదా అవే దృశ్యాలు, అవే డైలాగులు. అయినా ఆ రెండిళ్లకూ చేరుతున్న వీడియో పూర్తిగా ఒకటే కాకపోవచ్చు. కంటికి ఆనని తేడా ఒకటి అందులో దాగి ఉండొచ్చు. రేపు ఆ సినిమా ఏ టెలిగ్రామ్ ఛానల్లోనో తేలితే, అది ఏ ఖాతా నుంచి బయటికి పోయిందో ఆ తేడాయే పట్టిస్తుంది.

అదెలాగంటే, ఓటీటీ సినిమా మన ఫోనుకు ఒకే పెద్ద ఫైలుగా రాదు. కొన్ని సెకన్ల నిడివిగల చిన్నచిన్న ముక్కలుగా వస్తుంది. నెట్ వేగం తగ్గినప్పుడు బొమ్మ ఆగిపోకుండా కాస్త మసకబారి సాగిపోవడానికి కారణం కూడా ఇదే. తరవాతి ముక్కను తక్కువ నాణ్యతలో తెప్పించుకుంటే సరిపోతుంది. ఇలాంటి రహస్య గుర్తును, అంటే వాటర్‌మార్కును వేసేవాళ్లు ఈ ఏర్పాటునే వాడుకుంటారు. ప్రతి ముక్కనూ ‘ఏ’, ‘బీ’ అని రెండు రూపాల్లో తయారుచేసి పెడతారు. రెంటికీ మధ్య కొన్ని చుక్కల వెలుగులో అణుమాత్రం తేడా ఉంటుంది. ఒక చందాదారుకు ఏ-బీ-బీ-ఏ వరసలో ముక్కలు వెళితే, ఇంకొకరికి బీ-బీ-ఏ-బీ వరసలో వెళతాయి. ఇలా 30 ముక్కలు పంపితే చాలు, 107 కోట్లకు పైగా వేర్వేరు వరసలు వస్తాయి. ముక్క 6 సెకన్లనుకుంటే ఆ 30 ముక్కలకు పట్టేది మూడు నిమిషాలే. మూడు నిమిషాల వీడియోతో కోట్లాది ఖాతాల్లో ఒకదాన్ని గుర్తుపట్టొచ్చన్నమాట.

కాగితం మీద లెక్క ఇది. వాస్తవంలో దొంగ ఊరుకోడు. వీడియోను మళ్లీ కుదిస్తాడు, అంచులు కత్తిరిస్తాడు, తెర ముందు కెమెరా పెట్టి తీస్తాడు. వీటన్నిటికీ గుర్తు నిలవాలంటే అదే సమాచారాన్ని పదేపదే దాచాల్సి ఉంటుంది. ఇంతకంటే గట్టి ఎత్తు ఒకటుంది. ఐదారుగురు వేర్వేరు ఖాతాల నుంచి తీసుకున్న వీడియోలను పోల్చి, తేడా ఉన్నచోటల్లా కలగాపులగం చేసి కొత్త ప్రింటు తయారుచేస్తే ఆ వరస ఎవరిదీ కాకుండా పోతుంది. దీనికి విరుగుడును 2003లో హంగరీ గణిత శాస్త్రవేత్త గాబోర్ టార్డోస్ చూపించాడు. వరసలను ఒక ప్రత్యేకమైన సంభావ్యతా పద్ధతిలో పంచితే, కలిపి కలగలిపినా కుమ్మక్కైనవాళ్లలో కనీసం ఒకరైనా దాదాపు నిశ్చయంగా బయటపడతారు. అయితే కుమ్మక్కైనవాళ్ల సంఖ్య పెరిగేకొద్దీ, పట్టుకోవడానికి కావలసిన వీడియో నిడివి ఆ సంఖ్య వర్గానికి తగ్గట్టు పెరుగుతుంది. ఇద్దరైతే నాలుగింతలు, పదిమందైతే నూరింతలు. రెండున్నర గంటల సినిమాలో ఆరు సెకన్ల ముక్కలు 1,500 మాత్రమే ఉంటాయి. ముఠా పెద్దదైతే ఈ గణితానికీ కష్టకాలమే.

థియేటర్లలో ఇలాంటి గుర్తు ఇంకా ముందునుంచే ఉంది. హాలీవుడ్ స్టూడియోలు కలిసి రాసుకున్న డిజిటల్ సినిమా ప్రమాణాల ప్రకారం, ప్రదర్శన సాగుతుండగానే ప్రతి ఐదు నిమిషాల భాగంలోనూ 35 బిట్ల సమాచారం బొమ్మలో కలిసిపోవాలి. అందులో 19 బిట్లు అది ఏ యంత్రమో, 16 బిట్లు ఏ సమయమో చెబుతాయి. మన దగ్గరా డిజిటల్ ప్రొజెక్షన్ సంస్థలు వాటర్‌మార్కు వేస్తాయి. సెల్‌ఫోన్‌తో తీసిన దొంగ ప్రింటు చూసి, అది ఫలానా ఊళ్లో ఫలానా హాల్లో ఫలానా ఆటకు తీసిందని తేల్చగలుగుతున్నారంటే ఆ గుర్తు చలవే.

కానీ వాటర్‌మార్కు దొంగతనాన్ని ఆపదు. జరిగిపోయాక ఆనవాలు చెబుతుంది, అంతే. ఆపాల్సిన పని తాళానిది.

ఆ తాళం పేరు డీఆర్ఎం. గూగుల్ వారి వైడ్‌వైన్, మైక్రోసాఫ్ట్ వారి ప్లేరెడీ, ఆపిల్ వారి ఫెయిర్‌ప్లే అని ప్రపంచంలో ప్రధానంగా మూడు తాళాలున్నాయి. సినిమా ముక్కలన్నీ ఏఈఎస్ అనే పద్ధతిలో సంకేత రూపంలోకి మారి ప్రయాణిస్తాయి. 128 బిట్ల తాళంచెవిని ఊహించి పట్టుకోవాలంటే 34 పక్కన 37 సున్నాలు పెట్టినన్ని ప్రయత్నాలు కావాలి. భూమ్మీది కంప్యూటర్లన్నీ కలిసినా అయ్యే పని కాదు. మరి దొంగలు ఎలా తీస్తున్నారు? తాళాన్ని వాళ్లు బద్దలుకొట్టడం లేదు. బీరువాకు తాళం వేసి, తాళంచెవిని కూడా అదే ఇంట్లో ఎక్కడో దాచిపెట్టినట్టుంది ఈ ఏర్పాటు. చందాదారు సినిమా చూడాలంటే తాళంచెవి అతడి ఫోనులోకి రావాలి, ఏదో ఒక క్షణంలో తాళం తెరుచుకోవాలి. వెతికే ఓపిక ఉన్నవాడికి ఎప్పటికైనా అది దొరుకుతుంది.

అందుకే ఆ దాచే చోటును గట్టిపరచడం మీదే కంపెనీల కృషంతా. వైడ్‌వైన్‌లో ఎల్1, ఎల్3 అని అంచెలున్నాయి. ఎల్1 ఫోనులో తాళం తీసే పని ప్రాసెసర్ లోపల విడిగా కట్టిన భద్రమైన గదిలో జరుగుతుంది, ఫోనులోని మిగతా ప్రోగ్రాములకు అక్కడ ప్రవేశం లేదు. ఓటీటీ సినిమాను స్క్రీన్‌షాట్ తీయబోతే చాలా ఫోన్లలో నల్లటి బొమ్మే వస్తుంది కదా, అది ఈ కట్టడి వల్లే. ఎల్3లో ఆ పని మామూలు సాఫ్ట్‌వేర్‌తోనే జరుగుతుంది. అందుకే నెట్‌ఫ్లిక్స్ వంటి సంస్థలు ఎల్3 ఫోన్లకు హెచ్‌డీ నాణ్యత ఇవ్వవు. చవక ఫోను కొని పూర్తి చందా కట్టినా బొమ్మ మసకగా వస్తోందని బాధపడేవాళ్లలో చాలామందికి అసలు కారణం ఇదని తెలియదు. తాళం బరువు దొంగ మీద కాక, డబ్బు కట్టినవాడి మీద పడే సందర్భం ఇది.

ఎల్3ను ఒక పరిశోధకుడు 2019 జనవరిలో ఛేదించి చూపించాడు. అంతకు చాలాముందే, 1999లో డీవీడీల తాళాన్ని తెరిచే చిన్న ప్రోగ్రామ్ ఒకటి నార్వే నుంచి బయటికొచ్చి ప్రపంచమంతా పాకింది. దాని వెనకున్న కుర్రవాడి మీద కేసు పెట్టినా అక్కడి కోర్టులు 2003లో అతణ్ని నిర్దోషిగా వదిలేశాయి. టీవీకి కలిపే హెచ్‌డీఎంఐ తీగలో ప్రయాణించే బొమ్మకూ ఒక తాళముంది. 2010 సెప్టెంబరులో దాని మూల తాళంచెవే ఇంటర్నెట్‌లో ప్రత్యక్షమైంది. ఇవేవీ లేకపోయినా చివరికి మనిషి కంటికి కనపడాల్సిన బొమ్మ ఎక్కడో ఒకచోట బట్టబయలు కాక తప్పదు. తెర ముందు పెట్టిన కెమెరాను ఏ గణితమూ ఆపలేదు.

పెద్ద పెద్ద లీకుల చరిత్ర తిరగేస్తే ఇంకో సంగతి కనిపిస్తుంది. చాలాసార్లు సినిమా బయటికి పోయింది తాళం పగిలి కాదు, తాళం ఇంకా వేయకముందే. 2017 ఏప్రిల్‌లో నెట్‌ఫ్లిక్స్ సిరీస్ ‘ఆరెంజ్ ఈజ్ ది న్యూ బ్లాక్’ ఐదో సీజన్‌లోని పది ఎపిసోడ్లు విడుదలకు ముందే బయటికొచ్చాయి. హ్యాకర్లు చొరబడింది నెట్‌ఫ్లిక్స్‌లోకి కాదు, హాలీవుడ్‌లో శబ్దం పనులు చేసే ఒక చిన్న స్టూడియోలోకి. ఆ స్టూడియో యాభై బిట్‌కాయిన్లు ముట్టజెప్పినా హ్యాకర్లు మాట నిలబెట్టుకోలేదు. అదే ఏడాది ఆగస్టులో ‘గేమ్ ఆఫ్ థ్రోన్స్’ ఎపిసోడ్ ఒకటి ప్రసారానికి ముందే లీకైంది. అది భారత్ నుంచే పోయింది. స్టార్ ఇండియాకు సాంకేతిక సేవలందించే సంస్థలో పనిచేసినవాళ్లను ముంబయి ప్రాంతంలో పోలీసులు అరెస్టు చేశారు.

తెలుగువాళ్లకు ఈ కథ కొత్త కాదు. 2013 సెప్టెంబరులో ‘అత్తారింటికి దారేది’ విడుదలకు ముందే దాదాపు గంటన్నర సినిమా కృష్ణా జిల్లాలో సీడీలకెక్కింది. ఎడిటింగ్ దశలో చేతులు మారిన కాపీ అది. నిర్మాత హడావిడిగా విడుదలను ముందుకు జరిపి సెప్టెంబరు 27న సినిమాను థియేటర్లకు తెచ్చాడు. సినిమా ఘనవిజయం సాధించింది. ఆ విజయాన్ని చూపి, లీకైతే పోయేదేముందని అనేవాళ్లు ఇప్పటికీ ఉన్నారు. ఒక్క సినిమాతో సూత్రం కట్టకూడదు. అమెరికాలోని కార్నెగీ మెలన్ విశ్వవిద్యాలయ పరిశోధకులు 2014లో ప్రచురించిన అధ్యయనంలో, విడుదలకు ముందే పైరసీ అయిన సినిమాలు విడుదల తర్వాత పైరసీ అయినవాటితో పోలిస్తే సగటున 19 శాతం వసూళ్లు పోగొట్టుకున్నాయని తేలింది. అభిమానుల అండ ఉన్న పెద్ద హీరో సినిమా తట్టుకుంటుంది. చిన్న నిర్మాతకు ఆ 19 శాతమే ఇల్లు నిలబడటానికీ అమ్ముడుపోవడానికీ మధ్య తేడా.

ఇంతవరకూ దొంగ సంగతి. చూసేవాడి సంగతేమిటి? డబ్బు ఎగ్గొట్టాలనే ఉద్దేశంతోనే అందరూ దొంగ ప్రింటు చూస్తున్నారా?

ఈ ప్రశ్నకు జవాబు అనుకోకుండా ఒక వ్యాపార తగాదాలో దొరికింది. అమెరికాలో ఎన్‌బీసీ అనే టీవీ సంస్థకు, ఆపిల్‌కు ధరల విషయంలో చెడింది. 2007 డిసెంబరు 1న ఎన్‌బీసీ తన కార్యక్రమాలన్నిటినీ ఐట్యూన్స్ నుంచి తీసేసింది. మిగతా టీవీ సంస్థలవి యథాతథంగా ఉన్నాయి. శాస్త్రవేత్తలకు ఇంతకంటే మంచి ప్రయోగశాల దొరకదు. కార్నెగీ మెలన్‌లోనే పనిచేస్తున్న మైకేల్ స్మిత్, రాహుల్ తెలంగ్, వారి సహచరులు పైరసీ గణాంకాలు తీసి చూశారు. తీసేసిన కార్యక్రమాల పైరసీ 11.4 శాతం పెరిగింది. అవే కార్యక్రమాల డీవీడీలు అమెజాన్‌లో దొరుకుతూనే ఉన్నా వాటి అమ్మకాల్లో పెరుగుదల లేదు. అంటే, నిన్నటిదాకా డబ్బిచ్చి కొన్నవాళ్లు తాము అలవాటుపడ్డ చోట అది దొరక్కపోయేసరికి ఇంకో అంగడికి వెళ్లలేదు. దొంగ దారికే వెళ్లారు.

దీన్ని తిరగేసినట్టున్న ప్రయోగమూ జరిగింది. 2009లో ఏబీసీ సంస్థ తన కార్యక్రమాలను హులు అనే ఓటీటీలో పెట్టింది. వాటి పైరసీ దాదాపు ఐదో వంతు తగ్గింది. సులువుగా, సమయానికి, న్యాయమైన దారిలో దొరికితే జనం అటే వెళతారన్నది ఈ రెండు అధ్యయనాల సారం.

ఈ వెలుగులో చూస్తే ఓటీటీల మధ్య పోటీ వేరే రంగులో కనిపిస్తుంది. నెట్‌ఫ్లిక్స్ 2007లో ఇంటర్నెట్ ప్రసారం మొదలుపెట్టాక కొన్నేళ్లపాటు ఒక్క చందాతో ఎన్నో స్టూడియోల సరుకు దొరికేది. ఆ విజయం చూసి ప్రతి స్టూడియో సొంత దుకాణం తెరిచింది, తన సినిమాలను వెనక్కి తీసుకుంది. చందాదారులను లాక్కోవడానికి ప్రతి సంస్థకూ ఉన్న ఆయుధం ఒక్కటే, మరెక్కడా దొరకని సినిమా. ఎన్‌బీసీ ఒకసారి చేసిన పనినే ఇప్పుడు అందరూ నిత్యం చేస్తున్నారు. మ్యూసో అనే లండన్ సంస్థ లెక్క ప్రకారం, పైరసీ సైట్లకు వెళ్లే రాకపోకలు 2020లో 13,000 కోట్ల మేర ఉండగా 2023 నాటికి 22,900 కోట్లు దాటాయి. ఈ లెక్కల్లో అమెరికా తర్వాతి స్థానం భారత్‌దే. ఓటీటీలు పెరిగేకొద్దీ పైరసీ తగ్గాలి కదా అనుకున్నవాళ్ల అంచనా తలకిందులైంది.

మన దగ్గరి ఉదాహరణ ‘ఆర్ఆర్ఆర్’. 2022 మార్చి 25న థియేటర్లకు వచ్చిన ఆ సినిమా మే 20న ఓటీటీలో అడుగుపెట్టింది. కానీ హిందీ రూపం నెట్‌ఫ్లిక్స్‌కు, తెలుగు, తమిళ, కన్నడ, మలయాళ రూపాలు జీ5కు వెళ్లాయి. ప్రపంచమంతా ఆ సినిమా గురించి మాట్లాడుకుంటున్న నెలల్లో నెట్‌ఫ్లిక్స్ చందా ఉన్న విదేశీ ప్రేక్షకులు హిందీ డబ్బింగే చూశారు. జూనియర్ ఎన్టీఆర్, రాంచరణ్‌ల నోట అసలు తెలుగు మాట వినాలంటే ఇంకో చందా కట్టాలి. హక్కులు విడగొట్టి అమ్ముకోవడం నిర్మాతకు లాభసాటే, అందులో తప్పుపట్టడానికేమీ లేదు. అయితే ప్రేక్షకుడి చేతిలో ఆ ముక్కలు అతుక్కునేలా చేసే బాధ్యత ఎవరూ తీసుకోలేదు.

చందాదారు ఎంత నిలకడలేనివాడో చెప్పే లెక్క క్రికెట్‌లో ఉంది. ఐపీఎల్ 2023-27 డిజిటల్ హక్కులను 2022లో వయాకామ్18 దాదాపు 23,758 కోట్ల రూపాయలకు దక్కించుకుని, 2023 సీజన్‌ను జియోసినిమాలో ఉచితంగా చూపించింది. అప్పటిదాకా ఐపీఎల్‌కు చిరునామాగా ఉన్న డిస్నీ ప్లస్ హాట్‌స్టార్ చందాదారులు 2022 అక్టోబరులో 6.13 కోట్లు. ఏడాది తిరిగేసరికి వాళ్లు 3.76 కోట్లయ్యారు. వెళ్లిపోయినవాళ్లలో చాలామంది ఉచితంగా దొరికేచోటికే పోయి ఉంటారు. ఆటతో వచ్చినవాడు ఆటతోనే పోతాడని తేలాక రెండు సంస్థలూ విలీనమై, 2025 ఫిబ్రవరి 14న జియోహాట్‌స్టార్‌గా మారాయి.

నెట్‌ఫ్లిక్స్‌కు తగిలిన దెబ్బ ఇంకో రకం. 2022 మొదటి మూడు నెలల్లో ఆ సంస్థ 2 లక్షల మంది చందాదారులను కోల్పోయింది. పదేళ్లకు పైగా అలా ఎప్పుడూ జరగలేదు. అప్పుడు సంస్థ ఒక సంగతి బయటపెట్టింది. డబ్బు కట్టే ఇళ్లు 22.2 కోట్లయితే, వాళ్ల పాస్‌వర్డ్ తీసుకుని చూస్తున్న ఇళ్లు మరో 10 కోట్లకు పైగా ఉన్నాయి. పాస్‌వర్డ్ పంచుకోవడమే ప్రేమ అనే అర్థంలో 2017లో ట్వీట్ చేసిన సంస్థే ఇది. 2023 మేలో అమెరికాలో, జులైలో భారత్‌లో ఆ తలుపు మూసేసింది. ఇంటి టీవీ ఏ ఇంటర్నెట్ కనెక్షన్ మీద నడుస్తోంది, ఖాతాలో ఏయే పరికరాలున్నాయి, అవి ఎక్కడినుంచి వస్తున్నాయన్నది చూసి ‘ఇల్లు’ ఏదో తేలుస్తారు. హైదరాబాద్ హాస్టల్లో ఉన్న కొడుకు, గుంటూరులో ఉన్న తల్లిదండ్రులు ఒక్క ఖాతా వాడితే కంప్యూటర్ కళ్లకు అవి రెండు ఇళ్లు. మన కుటుంబాలు ఇంటి చిరునామాను బట్టి విడిపోవు, కానీ సాఫ్ట్‌వేర్‌కు ఆ సంగతి అక్కర్లేదు.

జనం కోపగించుకుని పైరసీకి పోతారని చాలామంది జోస్యం చెప్పారు. అలా జరగలేదు. 2022 చివర 23.1 కోట్లున్న చందాదారులు 2024 చివరికి 30 కోట్లు దాటారు. కట్టడి ఒక్కటే కారణం కాదు. అంతకుముందే, 2022 నవంబరులో ప్రకటనలతో కూడిన చవక ప్లాను కొన్ని దేశాల్లో మొదలైంది, బయటికి పంపినవాడికి తక్కువ ధరలో లోపలికి రావడానికి అలా దారి ఏర్పడింది. భారత్‌లో ఆ ప్రకటనల ప్లాను లేకపోయినా ధర ముందే దిగింది. 2021 డిసెంబరులో మొబైల్ ప్లాను 199 రూపాయల నుంచి 149కి, బేసిక్ ప్లాను ఏకంగా 499 నుంచి 199కి తగ్గాయి. ఆ తరవాతి ఏడాది భారత్‌లో తమ ఆదాయం తగ్గలేదని, మారకపు రేటు తేడాలు తీసేస్తే 24 శాతం పెరిగిందని సంస్థే వాటాదారులకు చెప్పింది. తెలుగువాళ్లకు ఇది ఆశ్చర్యం కాకూడదు. 2020లో ‘ఆహా’ మొదలైనప్పుడు ఏడాది చందా 365 రూపాయలు పెట్టారు. రోజుకు రూపాయి. మన మార్కెట్ ఎక్కడుందో తెలిసినవాళ్లు పెట్టిన ధర అది.

ధర దిగినా దొరకనివి మిగిలే ఉంటాయి. ఆ ఖాళీలోనే ఐబొమ్మ వంటి సైట్లు పెరిగాయి. తెలుగు సినిమా ఓటీటీలోకి వచ్చిన గంటల్లో మంచి నాణ్యతతో, చిన్న సైజులో, ఒకే చోట దొరికేలా పెట్టడమే అలాంటి సైట్ల బలం. పది ఓటీటీల్లో చెల్లాచెదురైనదాన్ని ఒక్క అరలో సర్ది చూపించారు. చేసింది దొంగతనమే, కానీ జనం ఎందుకు వెళ్లారో అర్థం చేసుకోకపోతే దాన్ని ఆపడమూ కుదరదు. 2025 నవంబరులో ఐబొమ్మ నిర్వాహకుడంటూ ఒకరిని హైదరాబాద్ సైబర్ క్రైమ్ పోలీసులు అరెస్టు చేసినప్పుడు, సోషల్ మీడియాలో అతణ్ని వెనకేసుకొచ్చినవాళ్లూ తక్కువేమీ లేరు. పోలీసులు చెప్పినదాన్ని బట్టి, ఆ సైట్ల రాబడిలో ప్రధాన వాటా బెట్టింగ్ యాప్‌ల ప్రచారానిది. ఉచితంగా సినిమా చూపించినవాడు తన ప్రేక్షకుణ్నే జూదగాడికి అమ్ముకున్నాడన్నమాట. అభిమానం కురిపిస్తున్నవాళ్లు ఆగి ఆలోచించాల్సింది ఇక్కడే.

ఉచితానికి ఇంకో వెల కూడా ఉంది. హైదరాబాద్‌లోని ఇండియన్ స్కూల్ ఆఫ్ బిజినెస్ అధ్యయనం ఒకటి, భారత్‌లో పైరసీ సైట్లకు వెళ్లేవాళ్ల పరికరాల్లోకి హానికర సాఫ్ట్‌వేర్ చొరబడే ప్రమాదం 59 శాతమని అంచనా వేసింది. అశ్లీల సైట్లకు అది 57, జూదం ప్రకటనలకు 53. యూపీఐ యాప్ ఉన్న ఫోనులోనే దొంగ సినిమా కోసం కనపడిన బటన్లన్నీ నొక్కుతున్నామని గుర్తుంచుకుంటే ఆ అంకె బరువు తెలుస్తుంది.

సైట్లను మూయిస్తే? మూయిస్తున్నారు. ఢిల్లీ హైకోర్టు 2019లో, ఒక తల తెగితే మరో తల మొలిచే ఈ సైట్లకు తగ్గట్టు కొత్త తరహా ఉత్తర్వునిచ్చింది. నిషేధించిన సైటు పేరు మార్చుకుని వస్తే మళ్లీ మొదటినుంచి కేసు వేయనక్కర్లేదు. 2023లో ఇంకో అడుగు ముందుకేసి, ఇంకా తీయని సినిమాలకు కూడా ఆ రక్షణ వర్తించేలా చేసింది. అదే ఏడాది పార్లమెంటు సినిమాటోగ్రాఫ్ చట్టాన్ని సవరించింది. పైరసీకి కనీసం మూడు నెలల జైలు, 3 లక్షల జరిమానా. గరిష్ఠంగా మూడేళ్ల జైలు, సినిమా నిర్మాణ వ్యయంలో 5 శాతం దాకా జరిమానా. అంతర్జాతీయంగా నెట్‌ఫ్లిక్స్, అమెజాన్, డిస్నీ వంటివన్నీ చందాదారుల కోసం ఒకరితో ఒకరు కొట్లాడుకుంటూనే పైరసీ మీద ఉమ్మడిగా పోరాడటానికి 2017లో ఏస్ అనే కూటమి కట్టాయి. 2024లో ఆ కూటమి వియత్నాం పోలీసులతో కలిసి హనోయ్ నుంచి నడిచే ఎఫ్‌మూవీస్‌ను, దానికి అనుబంధమైన సైట్లను మూయించింది. అంతకుముందు ఏడాదిన్నరలో ఆ సైట్లకు వచ్చిన రాకపోకలు 670 కోట్లు.

దీని ఫలితం మీదా పరిశోధన ఉంది. బ్రిటన్‌లో 2012లో పైరేట్ బే అనే పేరుమోసిన సైటు ఒక్కదాన్ని అడ్డుకుంటే, చట్టబద్ధమైన ఓటీటీల వాడకం పెరగలేదు. జనం పక్క సైట్లకు మళ్లారు. 2013 చివర్లో ఒకేసారి 19 సైట్లను అడ్డుకున్నప్పుడు మాత్రం ఆ సైట్లు వాడేవాళ్లలో చట్టబద్ధ వాడకం 12 శాతం మేర పెరిగింది. దొంగ దారిని పూర్తిగా మూయలేకపోయినా, వెతుక్కునే శ్రమ పెంచితే కొందరు చందా కడతారు. ఒక్క సైటును మూసి పండగ చేసుకోవడం వల్ల మాత్రం లాభం లేదు. నిర్వాహకుడి అరెస్టుతో ఐబొమ్మ మూతపడగానే అంతా అయిపోయిందనుకున్న మన సినీ పెద్దలు బ్రిటన్ లెక్కను ఒకసారి చూడాలి.

ఇక మిగిలింది తెలుగు పరిశ్రమ తన చేతుల్లోనే ఉంచుకున్న విషయం, థియేటరుకూ ఓటీటీకీ మధ్య గడువు. ‘పుష్ప’ మొదటి భాగం 2021 డిసెంబరు 17న థియేటర్లకు వచ్చి, 2022 జనవరి 7కే ప్రైమ్ వీడియోలో కనిపించింది. సరిగ్గా 21 రోజులు. రెండో భాగం 2024 డిసెంబరు 5న వచ్చి 2025 జనవరి 30న నెట్‌ఫ్లిక్స్‌కు చేరింది. 56 రోజులు. ఈ రెంటి మధ్యా ఒక పెద్ద తర్జనభర్జన నడిచింది. 2022 ఆగస్టు 1 నుంచి తెలుగు నిర్మాతలు షూటింగులే ఆపేసి కూర్చున్నారు. మూడు వారాల్లో ఇంట్లోకే సినిమా వస్తుంటే థియేటర్‌కు ఎవరొస్తారన్నది వాళ్ల బాధ. ఎనిమిది వారాల గడువు కావాలన్న మాట ఆ చర్చల్లోనే బలంగా వినిపించింది. ఆ బాధ నిజమైనదే. ఊళ్లలోని సింగిల్ స్క్రీన్లు ఒక్కొక్కటిగా మూతపడటం అందరూ చూస్తున్నదే.

అయితే ‘పుష్ప 2’ ఎనిమిది వారాలూ ఆడే సినిమా. దానికి ఆ గడువు సరిపోతుంది. ఏటా వచ్చే తెలుగు సినిమాల్లో అధిక భాగం రెండు వారాలకే తెరల మీద నుంచి దిగిపోతాయి. అలాంటి సినిమాకు గట్టి గడువు పెడితే, మిగిలిన ఆరు వారాలూ అది థియేటర్లో లేదు, ఓటీటీలో లేదు. డబ్బిచ్చి చూద్దామనుకున్నవాడికీ దారి లేదు. సెల్‌ఫోన్‌తో తీసిన ప్రింటు మాత్రం మొదటి రోజు నుంచే ఉంది. ఐట్యూన్స్ నుంచి కార్యక్రమాలు తీసేసినప్పుడు జనం ఎక్కడికి పోయారో మనకు తెలుసు. ఆరు వారాలపాటు అలాంటి ఖాళీని మనమే కట్టి, దాని చివర తాళాలూ వాటర్‌మార్కులూ పోలీసులనూ కాపలా పెట్టడంలో అర్థం లేదు. గడువును క్యాలెండరుకు కాకుండా సినిమా ఆడిన రోజులకు ముడిపెట్టొచ్చు. ఏ వారం ఎన్ని తెరల మీద ఉందో, ఎన్ని టిక్కెట్లు తెగాయో ఆన్‌లైన్ బుకింగుల పుణ్యమా అని రోజువారీగా లెక్క అందుతూనే ఉంది. తెరల సంఖ్య ఫలానా స్థాయికి పడిపోయిన రెండు వారాలకు ఓటీటీకి ఇవ్వొచ్చని ఒప్పందంలో ఒక్క వాక్యం రాసుకుంటే, ఆడే సినిమాకు థియేటరు యజమాని కోరిన రక్షణ ఉంటుంది, ఆడని సినిమాకు నిర్మాత కోరిన రాబడి ఉంటుంది. నిర్మాతలు, ఎగ్జిబిటర్లు మళ్లీ గడువు మీద కూర్చున్నప్పుడు ముందుగా తేల్చాల్సింది ఆ తెరల సంఖ్య ఎంతన్నదే.